రెండు పొగగొట్టాలు

ఉరవకొండలో నా మోటార్ల అంగడి.
కాలిపోయిన బోరు మోటార్లు నాలుగు
వాకిట్లోనే పడున్నాయి.
వార్నిష్ వాసన, రాగి తీగ, శెనక్కాయ పొట్టు.
ఎత్తుపీట మీద హనుమక్క.
మా ఓడను టీవీలో చూపిస్తారని
మధ్యాన్నం నుంచీ లేయకుండా కూచోనుంది.

ముందు వయొలిన్ ఏడ్చింది. తర్వాత అలలు.
"ఆ రాత్రి నిండు పున్నమి" అన్నాడు
బరువు గొంతాయన.
పున్నమి యాడిది?
అమాస. నా చెయ్యి నాకే అగుపడలేదు.

తెరమీద ఓడకు రెండు పొగగొట్టాలు.
మా నీలధారకు ఒకటే.
దానికి పసుప్పచ్చ పట్టీ వేసింది నేనే,
సగం రంగు నా చొక్కాకే పూసుకున్యా.
ఎవరిదో ఓడ మునుగుతాంటే తీసి
మా చావుకు అతికించినారు.

బిల్లు పుస్తకం వెనక రాసుకుంటాండా,
వాళ్లకు జాబు రాద్దామని.

నీళ్లు నీలం, అద్దం మాదిరి.
మేము ఈదింది ఫర్నేస్ ఆయిల్లో
కర్రెగా, చిక్కగా, పాకం పట్టినట్టు.
నెల దినాలు ఏం తిన్నా అదే రుచి.

సైరన్ మోగిందన్నాడు.
మోగలేదు స్వామీ.
దాని మోటారు కాలిపోయి నెలయింది,
కొలంబోలో బాగుచేయిస్తామని
రాసిపెట్టినారు పుస్తకంలో.
అప్పుడు నాకు వైండింగ్ రాదు.
ఇప్పుడు ముప్పై ఏండ్లుగా చుడతానే ఉండా
రైతుల మోటార్లన్నీ తిరుగుతాయి,
అది తిరగదు.

కెప్టెను అంట, ఎవరో నటుడు
ఇస్త్రీ మడత చెదరకుండా సెల్యూట్ కొట్టినాడు.
ఆయప్ప బనీను మీదుండె. ఒక కాలికే చెప్పు.
మా పేర్లు పిలుస్తా డెక్కంతా తిరిగినాడు,
సగం తప్పుగా పిలిచినాడు.
ఆ తప్పు పేర్లకే పలికినాం మేము.

అంతలో నా మొగమే వచ్చింది.
కింద అక్షరాలు: వెన్నూరప్ప.
వన్నూరప్పనప్పా నేను!
అదీ రాసుకున్యా.

పోయిన ఎండాకాలం ఇద్దరు పిలగాండ్లు
కెమెరా మోసుకోనొచ్చి
ఈ కుర్చీలోనే కూచోబెట్టి అడిగినారు.
"వంటింట్లో పనిచేసే పెన్నోబిలేసు
నిద్రలోనే పోయినాడు. నొప్పి తెలీలేదు."
తెరమీద చెప్తాండాది నేనే.
ఆ పొద్దు కెమెరా వెనకాల
వాళ్లకు చెంబుతో నీళ్లు తెచ్చి
హనుమక్క నిలబడుంది.

వంకరపోయిన ఇనుప తలుపుకు అవతల
గరిటెతో కొడతాండె వాడు.
మూడు దెబ్బలు, ఆపి, మూడు దెబ్బలు.
ఇవతల నేను పిడి పట్టుకోని గుంజినా.
ఎంతసేపు గుంజినానో నాకు తెలీదు.
మోకాళ్ల దాకా నీళ్లొచ్చినాయి.
నిచ్చెన ఎక్కినా.
ఎక్కుతాంటే గూడా ఇనబడింది.

ఇది బిల్లు పుస్తకంలో రాయలే.

"ఓడ పూర్తిగా మునిగినప్పుడు
తెల్లవారుజాము నాలుగూ నలభై"
అని చెప్పి, సబ్బు అడ్వర్టైజ్‌మెంట్‌కు పోయినారు.

హనుమక్క ఒడిలో శెనక్కాయలు వొలుస్తా
టీవీనే చూస్తాంది.
"నాలుగూ నలభయ్యా?"

"ఊఁ."

"మూడుకే లేసి పొయ్యి ముట్టిస్తానమ్మా,
అందరికీ టీ నేనే పెట్టాల అని
జాబులో రాసినాడే వాడు."

నేను మోటారు మూత తీసినా.
మళ్లీ బిగించినా.

పప్పు గుప్పెడు నా చేతిలో పోసి
"టీవీ వాళ్లు టైము తప్పు చెప్పింటారులే" అనింది.
చీర దులుపుకోని, వాకిలి దిగి
మెల్లగా పోయింది.

బిల్లు పుస్తకం తిప్పి చూసుకున్యా.
పదకొండు తప్పులు.
టైము మాత్రం
సరిగ్గానే చెప్పినారు.